ఆడెలాను కిటికీ దగ్గర నుంచి లేపు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చారిత్రక నవల రాతప్రతి అందింది. మూడో అధ్యాయం దాకా సాఫీగానే చదివాను. అక్కడ ఆడెలా కోట కిటికీ పక్కన కూర్చుని నాలుగు పేజీలు ఏడ్చింది. కట్ట మూసి బీరువాలో పడేశాను. మళ్లీ తీయడానికి చాలా రోజులు పట్టింది. ఈ ఉత్తరం ఆ కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఆమె ఎవరనుకున్నావు నాయనా? ఇంగ్లండును గెలిచిన విలియం కూతురు. 1096లో మొగుడు స్టీఫెన్ యెరూషలేం యాత్రకి, అదే మొదటి క్రూసేడు అనే మతయుద్ధానికి, బయల్దేరితే బ్లువా, షార్త్ర్, మో, ఆ సంస్థానమంతా ఆమె చేతికొచ్చింది. ఏడాదికి ఎన్ని రోజులో ఆయనకి అన్ని కోటలని గిబేర్ అనే మఠాధిపతి రాశాడు. అందులో సగం కోసేసినా చాలా ఉన్నట్టే కదా. కొలువు తీర్చాలి. దానపత్రాలకి ఒప్పుదల చెప్పాలి. మఠాలకీ సామంతులకీ మధ్య భూమి తగాదాలు తీర్చాలి. షార్త్ర్ బిషప్పు ఈవోతో ఒకరోజు స్నేహం, ఒకరోజు పేచీ. ఆ తర్వాత 1105లో ఇంగ్లండు రాజైన తన సోదరుడు హెన్రీకీ, ఆర్చిబిషప్పు ఆన్సెల్ముకీ మాటల్లేకుండా పోతే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టింది కూడా ఈ మనిషే. ఈమెకి కిటికీ పక్కన కూర్చునే తీరిక ఎప్పుడు దొరికిందో నువ్వే చెప్పాలి. ఏడవలేదని నేననను. ఏడిస్తే, ఎదురుగా కారణికుడు లెక్క చదువుతుండగా కొంగుతో కళ్లు తుడుచుకుని "తర్వాతది చదువు" అని ఉంటుంది. కొంగు ఉండదని నాకూ తెలుసు, నువ్వు నవ్వనక్కర్లేదు.

మా నాయనమ్మ అలాంటిది. తాతయ్య రంగం వెళ్లాడు. కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లని మా వైపు అలాగే అనేవాళ్లు. ఇక్కడ పొలం, కౌలుదార్లు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ నాయనమ్మే చూసుకుంది. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వస్తే బడిపంతులు మా అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. చుట్టూ పదిమంది చేరేవాళ్లు, వాళ్లలో మాకు అప్పిచ్చినవాళ్లూ ఉండేవాళ్లు. అందుకే ఆ ఉత్తరాల్లో తాతయ్యకి ఎప్పుడూ జ్వరం రాలేదు, జీతం ఎప్పుడూ ఆగలేదు. "నేను ఇక్కడ కులాసా. డబ్బుకి లోటు లేదు. పిల్లల్ని, పొలాన్ని జాగ్రత్తగా చూచుకొనవలెను." అందరూ వెళ్లిపోయాక నాయనమ్మ ఆ ఉత్తరం తీసుకుని, చదువు రాకపోయినా, చాలాసేపు చూసేదట. ఏ అక్షరం వణికిందో చూసేదని మా అత్తయ్య చెప్పేది.

స్టీఫెన్ ఉత్తరాల్ని నువ్వు అలా చదివి ఉండాల్సింది. ఆడెలాకి ఆయన రాయించినవి రెండు మిగిలాయి. మొదటిది 1097 జూన్‌లో నైసియా నుంచి, రెండోది 1098 మార్చి 29న, వాళ్లు ముట్టడించిన సిరియా పట్నం అంతియొకయ ముందున్న గుడారాల నుంచి. నువ్వు వాటిని ప్రేమలేఖలుగా చేసేశావు. పైన "ప్రియమైన" అని ఉన్నంత మాత్రాన ప్రేమలేఖ అయిపోదు. వాటిని రాసింది ఒక మతగురువు, కొలువులో పైకి చదివేది ఇంకో మతగురువు. వినేవాళ్లలో సామంతులుంటారు, డబ్బు సర్దినవాళ్లుంటారు. బయల్దేరేటప్పుడు నువ్విచ్చిన దానికి రెట్టింపు బంగారం, వెండి ఇప్పుడు నా దగ్గరున్నాయని రెండో ఉత్తరంలో ఉంది. ఆ మాట పెళ్లానికా, ఆ గదిలో కూర్చున్నవాళ్లకా? నా ఇష్టంతో పని లేకుండా ప్రభువులంతా నన్ను పెద్దగా ఎన్నుకున్నారని కూడా ఉంది. పెళ్లాం దగ్గర గొప్పలు చెప్పుకోని మొగుణ్ణి నేను చూడలేదు, కానీ ఈయన చెప్పినవి ఆమె ఒక్కదానికే కాదు.

మొదటి ఉత్తరంలో ఒక మాట ఉంది, దాన్ని నువ్వు ఎలా వదిలేశావో నాకర్థం కాలేదు. కాన్‌స్టాంటినోపుల్లో చక్రవర్తి అలెక్సియోస్ తనని కొడుకులా చూసుకున్నాడనీ, మన కొడుకుల్లో ఒకణ్ణి పంపమని అడిగాడనీ మురిసిపోతూ, మీ నాన్న కూడా చాలా పెద్ద కానుకలే ఇచ్చాడు గానీ ఈయన ముందు ఆయన దాదాపు ఎందుకూ కొరగాడంటాడు. విలియం కూతురికి ఆ మాట రాశాడు! అదీ నలుగురిలో చదివే ఉత్తరంలో. ఆ వాక్యం చదువుతున్నప్పుడు కొలువులో ఎవరు ఎవరి మొహం చూశారో, నాలుగు పేజీలు దానికివ్వు. నైసియా నుంచి అయిదు వారాల్లో యెరూషలేం చేరతామనీ, మధ్యలో అంతియొకయ ఆపకపోతేననీ కూడా అందులోనే ఉంది. ఆ అయిదు వారాలు రెండేళ్లయ్యాయి. చేరింది ఆయన కాదు, మిగతావాళ్లు.

అలెగ్జాండర్ అనే మతగురువు ఉత్తరం రాస్తుంటే సిరా చలికి గడ్డకట్టి, దాన్ని చంకలో పెట్టుకుని కరిగించాడని రాశావు. బాగుంది. సిరియాలో ఎండ భరించలేమని కొందరనేది అబద్ధం, ఇక్కడి చలికాలం మన దగ్గరలాగే ఉందని స్టీఫెనే చెప్పుకున్నాడు. కుండపోత వానల్లో నానామన్నాడు. అది చదివి నీకు ఆ సిరాబుడ్డి తట్టింది. అలాంటివి ఇంకో పది తట్టించుకో.

కానీ ఆ సన్నివేశంలోనే నువ్వు చేసిన పని నాకు అస్సలు నచ్చలేదు. ఈస్టరు మర్నాడు మా అలెగ్జాండర్ హడావుడిగా ఈ ఉత్తరం రాస్తుండగా, మనవాళ్లు మాటువేసి అరవైమంది తురుష్క రౌతుల్ని చంపి తలలు శిబిరానికి తెచ్చారని ఉత్తరం చివర ఉంది. దానికి ముందు ఫిబ్రవరి యుద్ధం గురించి చెబుతూ, రెండు వందలకి పైగా తలలు తెచ్చారనీ, జనం చూసి సంతోషించడానికనీ ఉంది. నువ్వు ఉత్తరాన్ని ఎంచక్కా తెలుగులో పెట్టి, ఆ రెండు చోట్లా కత్తెర వేశావు. సిరా మాత్రం కరిగింది, తలలు మాయమయ్యాయి. పాఠకుడికి స్టీఫెన్ మీద ప్రేమ పోతుందని భయపడ్డావా? ఆ మనిషికి చెప్పుకోవడానికి సిగ్గులేని సంగతిని నువ్వు సిగ్గుపడి దాచడమేమిటి? పిల్లల్ని బాగా చూసుకో అన్న నోటితోనే తలల లెక్కా చెప్పాడు. అవి రెండూ ఒకే గుక్కలో వస్తేనే వాడు పదకొండో శతాబ్దపు మనిషి. లేకపోతే నీ అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉండే పెద్దమనిషి. ఇంకో మాట, అంతియొకయ గోడల లోపల కూడా జనం ఉన్నారు. నీ మూడు వందల పేజీల్లో వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. నగరపాలకుడు యాగీ సియాన్ పేరైనా ఒకసారి రాయలేదు.

ఇక అసలు సంగతి. నా దగ్గరికొచ్చిన ప్రతి కుర్రాడికీ చెబుతాను, విసుక్కున్నా సరే. చరిత్ర రాసేవాడికి రేపేం జరిగిందో తెలిసి తీరాలి. కథ రాసేవాడు ఆ రేపటిని మర్చిపోయి రాయాలి. నీ మొదటి పేజీలోనే స్టీఫెన్ కళ్లలో "పారిపోయేవాడి బెదురు" కనిపించింది. ఎవరికి కనిపించింది? 1096లో అది చూడగల కళ్లు ఎవరికున్నాయి? నీకు, ఎందుకంటే చివరి పేజీ నువ్వు ముందే చదివేశావు.

1098 జూన్ 2న ఆయనకి ఏం తెలుసో ఒక కాగితం మీద రాసుకో. ముట్టడి అక్టోబరులో మొదలైంది. చలికాలమంతా తిండిలేక మనుషులు పోయారు, గుర్రాలు పోయాయి. మొసూల్ నుంచి తురుష్క సేనాని కెర్బోఘా పెద్ద సైన్యంతో వస్తున్నాడు. మధ్యలో ఎదెస్సా దగ్గర మూడు వారాలు ఆగిపోయాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి మీద పడేవాడే. ఎదురుగా గోడ, వెనక నుంచి వాడు. ఒంట్లో బాగాలేదని స్టీఫెన్ ఆ రోజు అలెగ్జాండ్రెట్టా వైపు వెళ్లిపోయాడు. అంతే ఆయనకి తెలిసింది. బురుజు కాపలా కాసే ఫిరూజ్ అనేవాడితో, క్రూసేడు నాయకుల్లో ఒకడైన బొహెమండ్ లోపాయికారీగా మాట్లాడుకుని, ఆ రాత్రే నిచ్చెన వేయించాడు. జూన్ 3 తెల్లారేసరికి పట్నం పడిపోయింది, వీధుల్లో ఊచకోత మొదలైంది. ఒక్క పూట! ఆ ఒక్క పూట ఇంకా జరగలేదన్నట్టు రాయగలిగితే నువ్వు రచయితవి.

కొద్ది రోజులకే కెర్బోఘా వచ్చి, పట్నం పట్టినవాళ్లని పట్నంలోనే ముట్టడించాడు. రాత్రిపూట గోడల మీంచి తాళ్లు వేసుకుని దిగి పారిపోయినవాళ్లున్నారు, వాళ్లలో బొహెమండ్ బావమరిది వరసవాడు కూడా ఉన్నాడు. స్టీఫెన్ ఒక కొండ మీంచి ఆ గుడారాల సముద్రం చూసి వెనక్కి తిరిగాడు. దారిలో ఫిలోమేలియం దగ్గర అలెక్సియోస్ సైన్యంతో సాయానికి వస్తూ ఎదురైతే, ఇంకేముంది అంతా అయిపోయిందని చెప్పాడు. చక్రవర్తి వెనక్కి మళ్లాడు. జూన్ 28న లోపలున్నవాళ్లు బయటికొచ్చి కెర్బోఘాని ఓడించారు. చూసింది చూసినట్టు చెప్పిన మాట నెలాఖరుకి అబద్ధమైపోయింది.

ఆయన రోగం నెపమని రాసింది ఎవరు? బొహెమండ్ పటాలంలో నడిచిన ఒక పేరులేని చరిత్రకారుడు. అలెక్సియోస్‌తో స్టీఫెన్ చాటుగా మాట్లాడిన మాటలు కూడా పొల్లు పోకుండా రాశాడు, పక్కనే నిలబడి విన్నట్టు. వాడెక్కడున్నాడప్పుడు? అంతియొకయలో ఆకలితో ఉన్నాడు. స్టీఫెన్ పిరికివాడై, చక్రవర్తి మాట తప్పినవాడైతే, అంతియొకయని చక్రవర్తికి అప్పగించకుండా ఉంచేసుకున్న బొహెమండ్ పని న్యాయమవుతుంది. ఆ లెక్క నీకు కనపడాలి. నువ్వేమో ఆ సంభాషణని తీసుకొచ్చి తొమ్మిదో అధ్యాయంలో యథాతథంగా దించావు.

ఈ రేపటి జబ్బు నీ ఒక్కడిదే కాదులే. నేను వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికకి గోల్కొండ చివరి రోజుల మీద సీరియల్ రాశాను. వంట గిన్నెలు కడిగి, పిల్లలు పడుకున్నాక, గ్యాసుబండ పక్కన పీట వేసుకుని రాసేదాన్ని. అచ్చయ్యాక చూస్తే ప్రతి వారం చివర నేను రాయని వాక్యం ఒకటి ఉండేది. "పాపం, తన వినాశనం అప్పుడే మొదలైందని అతనికేం తెలుసు!" సంపాదకుడుగారి చేతివాటం. పాఠకుడు వచ్చే వారం కొనాలంటే అలా కొక్కెం తగిలించాలట. అడిగితే "అమ్మా, మీకు కథ తెలుసు, మార్కెట్ మాకు తెలుసు" అన్నారు. దారుణమేమిటంటే పాఠకుల ఉత్తరాల్లో అందరూ మెచ్చుకున్నది ఆ వాక్యాలనే. ఇంకొకాయన, ఈయన ఇంకా పెద్ద పత్రిక, పరాయి దేశపు ప్రభువుల కథ తీసుకెళితే పేజీ తిప్పకుండా "వీళ్లతో మనవాళ్లకేం పని?" అన్నాడు. అదే వారం ఆయన పత్రికలో ఇంగ్లీషు డిటెక్టివ్ నవలకి పేర్లు మార్చిన సీరియల్ నడుస్తోంది. పోనీలే. ఇద్దరూ పోయారు, పత్రికలూ పోయాయి.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి. మొదటి పేజీలో శవం పెట్టి, "పదేళ్ల క్రితం" అని వెనక్కి పోవడం. సినిమాల వాళ్లు నేర్పారు, బహుమతులిచ్చే కమిటీలు చప్పట్లు కొట్టాయి. నువ్వూ రమ్లా బురుజులో స్టీఫెన్ చావుతో ఎత్తుకున్నావు. ఇక ఏం మిగిలింది? ఆ చావుకి ముందు ఏం జరిగిందో తెలుసుగా నీకు. 1102 ఈస్టరు యెరూషలేంలో చేసుకుని, మొక్కు తీర్చుకుని, జాఫా రేవులో ఓడెక్కాడు. ఇంటికే బయల్దేరాడు. ఎదురుగాలి ఓడని తిరిగి ఒడ్డుకి నెట్టింది. అంతలో ఈజిప్టు సైన్యం వస్తోందని కబురొచ్చి, యెరూషలేం రాజు బాల్డ్విన్ సుమారు రెండు వందల మంది రౌతులతో తొందరపడి బయల్దేరితే వాళ్లతో వెళ్లాల్సి వచ్చింది. మే 17న రమ్లా దగ్గర చిక్కుకున్నారు. రాజు రాత్రికి రాత్రి తప్పించుకున్నాడు. స్టీఫెన్ బురుజులో ఉండిపోయాడు. ఓడ కదిలినప్పుడు నీ పాఠకుడు "హమ్మయ్య" అనుకోవాలా వద్దా? చావు ముందే చూపించేస్తే ఎలా అనుకుంటాడు?

1099లో ఇంటికొచ్చాక జరిగినది కూడా సరిచూసుకో. పడకగదిలో ఆడెలా ముద్దుల మధ్య మొగుణ్ణి దెప్పిపొడిచి మళ్లీ పంపిందని రాశావు. దశాబ్దాల తర్వాత నార్మండీ మఠంలో కూర్చుని ఆర్డెరిక్ అనే సన్యాసి రాసిన మాట అది. ఆ గదిలో మాటలు సన్యాసి చెవిన ఎవరు వేశారో అడగాలనిపించలేదా? పంపింది ఆమె ఒక్కతే కాదు. మొక్కు తీర్చకుండా వచ్చినవాళ్లని వెలివేస్తామని పోపు పాస్కల్ బెదిరిస్తున్నాడు. వెర్మాందువా ప్రభువు హ్యూ, సాక్షాత్తు ఫ్రాన్సు రాజు తమ్ముడు, ఆయన కూడా మధ్యలోనే వచ్చేసినవాడే, ఆయనా మళ్లీ వెళ్లాడు, 1101లో తార్సులో చనిపోయాడు. ఆ ఏడాదే స్టీఫెన్ ఇటలీ నుంచి వచ్చిన లొంబార్డులతో కలిసి నడిచాడు. చెరలో ఉన్న బొహెమండ్‌ని విడిపిస్తామని వాళ్లు అడ్డదారి పడితే, పాత దారిలోనే పోదామన్నాడు. వినలేదు. ఆగస్టులో మెర్సివాన్ దగ్గర సైన్యమంతా తుడిచిపెట్టుకుపోయింది. ఎవడి కోసం పోయారో చూశావా? అంతియొకయని ఉంచేసుకున్న ఆ బొహెమండ్ కోసం. ఇంత రుచికరమైన సంగతిని నువ్వు "మరో ఓటమి తర్వాత" అని మూడు మాటల్లో దాటేశావు.

ఆఖరి అధ్యాయం తీసేయ్. తండ్రి పరుగు కొడుకు రక్తంలో ప్రవహించిందని ఏదో రాశావు. ఆశ పుట్టించే సామాన్లు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. 1120 నవంబరులో శ్వేత నౌక మునిగినప్పుడు కొడుకు స్టీఫెన్ కడుపు బాగాలేదని ముందే దిగిపోయి బతికాడు. అతని తోబుట్టువు, చెస్టర్ ప్రభువు రిచర్డ్ భార్య, అందులోనే పోయింది. మునిమనవడు ఫిలిప్ ఫ్రాన్సు రాజై, 1191లో ఇంకో క్రూసేడులో ఆక్ర పట్నం పడగానే ఒంట్లో బాగాలేదని ఇంటికొచ్చేశాడు. నీలాంటివాళ్ల కోసమే చరిత్ర ఇలాంటి ఉచ్చులు పన్నుతుంది. మరి ఆ కొడుకే ఇంగ్లండు రాజయ్యాక, 1141లో లింకన్ దగ్గర తనవాళ్లు గుర్రాలెక్కి పారిపోతుంటే నేల మీద నిలబడి, కత్తి విరిగితే గొడ్డలి పట్టి, పట్టుబడేదాకా పోరాడాడు. అప్పుడు రక్తం ఎటు పోయింది? విడ్డూరం. ఇంకో కొడుకు హెన్రీ క్లూనీ మఠంలో పెరిగి వించెస్టర్ బిషప్పు అయ్యాడు. పెద్దవాణ్ణి పక్కనపెట్టి మరో కొడుకు తిబో చేతికి సంస్థానం అప్పగించింది ఆడెలాయే. ఆ నిర్ణయం మీద నవల మొత్తం రాయొచ్చు. నువ్వు ఒక పేరాగ్రాఫు కూడా రాయలేదు.

బంగాళాదుంపలు తీసేయ్. నీ సైనికులు అంతియొకయ ముందు ఉడకేసుకు తిన్నవి అమెరికా నుంచి యూరపుకి రావడానికి ఇంకా నాలుగు వందల ఏళ్లకి పైగా ఉంది. అవి కనిపిస్తే విమర్శకుడికి ఇంకేమీ చదవక్కర్లేదు.

కలంపేరు పెట్టుకోవాలా, సొంతంగా వేసుకోవాలా, ప్రచురణకర్తలు ఎంత ఇస్తారు అని చాలా అడిగావు. నవల రాశాక అడుగు.

ముందు నైసియా ఉత్తరం కొలువులో చదివే సన్నివేశం రాసి పంపు. ఆడెలా, ఈవో, ఇద్దరు సామంతులు, మాట తడబడే మతగురువు. ఏడుపు వద్దు. తర్వాత జూన్ 2 రాద్దువుగాని. ఉగాది వెళ్లాక పంపు, ఈలోపు నాకు కంటి ఆపరేషన్ ఉంది. కాగితానికి ఒకవైపే, అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయించు. ఫోన్లో పీడీఎఫ్ పంపితే తెరవను. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆ కోట బొమ్మ కూడా ఇంతవరకూ తెరవలేదు.

ఆశీస్సులతో,
మీ పిన్నిగారు